దేవిక అడిగిన సంతకం

"ఇది మీరు రాసిన కాగితమే గదా బాబాయ్?"

అడిగిన మనిషిని నేను వెంటనే గుర్తుపట్టలేదు. కాగితాన్ని మాత్రం గుర్తుపట్టాను. గురజాల రిజిస్ట్రాఫీసు ఎదురుగా రేకుల పంచ కింద బల్ల వేసుకుని ముప్పయ్యారేళ్లుగా దస్తావేజులు రాస్తున్నవాణ్ణి, నా దస్తూరీని ఎక్కడ చూసినా పోల్చుకోగలను. వంద రూపాయల స్టాంపు కాగితం, నాలుగు మడతలు. మడతల దగ్గర చిరగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచారెవరో. పైన నా గుండ్రటి అక్షరాలు: తెగతెంపుల ఒప్పంద పత్రము.

"నాదేనమ్మా," అన్నాను.

"ఇది ఎందుకూ పనికిరాదంట. ఇంగ్లీషులో రాసి పంపిచ్చారు, చదువుకోండి." ఫోను నా బల్ల మీద పెట్టి, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట కూడా ఈ పిల్ల ఇలాగే కూర్చోకుండా నిలబడింది.

ఆమె ఆ ఫోను నా బల్ల మీద పెట్టింది రెండువేల ఇరవై మూడు జూన్‌లో. దేవిక నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా బస్సెక్కి వచ్చింది. ఐర్లాండులో ఒక ఆసుపత్రి ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. రాయాల్సిన పరీక్షలన్నీ పాసైంది, సెప్టెంబరులో చేరాలి. ఆమె వీసాకు అడ్డేమీ లేదు. పదమూడో ఏడు నడుస్తున్న కూతురు తేజస్వి వీసా దగ్గర బండి ఆగింది. తల్లి పిల్లను దేశం దాటించాలంటే తండ్రి ఒప్పుకుంటున్నట్టు నోటరీ ముందు సంతకం చేయాలి. లేదంటే బిడ్డ పూర్తిగా తల్లిదేనని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూపించాలి. దేవిక నా కాగితం చూపించింది. ఊరి పెద్దలు రాయించిన ఒప్పందాన్ని కోర్టు ఉత్తర్వుగా తీసుకోలేమని వీసా ఆఫీసువాళ్లు మర్యాదగా తిప్పి పంపారు. సరైన కాగితం తేవడానికి ఎనిమిది వారాలు గడువిచ్చారు.

"నేనొక్కదాన్నే పోయి పిల్లను తర్వాత పిలిపిచ్చుకోమంటన్నారు అందరూ. ఎవరి కాడ వదలాలి? అమ్మ లేదు, నాన్న లేడు. నా బిడ్డను వదిలి నేను ఒక్క పూట కూడా పోను. ఈ కాగితం రాసింది మీరు. ఏం చేస్తారో చెప్పండి," అంది.

నాకు కోపం వచ్చింది. రాసినవాడిదా తప్పు, రాయించినవాళ్లదా? ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే జవాబు నాకు తెలుసు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పరువు గల కుటుంబాలం అనుకునేవాళ్లకు ఆలుమగల తగాదాతో కోర్టు గుమ్మం ఎక్కడం నామోషీ. పెళ్లి చేసింది పెద్దలు కాబట్టి తెంచేదీ పెద్దలే అంటారు. అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుంటారు. పెట్టుపోతలు వెనక్కి ఇచ్చుకుంటారు. నాలాంటివాడు స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తాడు, అందరూ సంతకాలు గీకుతారు. దాంతో ఆ పెళ్లి ముగిసిందని ఊరు నమ్ముతుంది, మళ్లీ పెళ్లిళ్లు కూడా చేసేస్తుంది. నేనూ నమ్మాను. నమ్మి అలాంటివి ఎన్ని రాశానో నాకే తెలియదు.

దేవిక అత్తగారి ఊరు దాచేపల్లి అవతల. ఊరి పేరెందుకులెండి, అక్కడివాళ్లకు ఇది చదివితే ఎలాగూ తెలుస్తుంది. భర్త అంకారావు. పదెకరాల మిరప, కంది, పార్టీ పనులు, తెల్ల చొక్కా. తాగుబోతు కాదు. కాకపోతే మాట ఎదురొస్తే చెయ్యి లేచేది. ఒకరోజు దేవిక ఆ లేచిన చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతే, మర్యాద లేని మనిషని పేరు పడింది. కొట్టినవాడికి రాని చెడ్డపేరు ఆపినదానికి వచ్చింది.

అంకారావు ఇంటి వసారాలో వెంకట్రామయ్య గారు పంచాయితీ చేశారు. ఆయన ఆ ఊరికి పెద్ద తల. ఎవరు గెలవాలో ఎన్నికలకు ముందే తేల్చే మనిషి. నేను ఒక మూల చాప మీద కూర్చుని ఆయన చెప్పింది రాశాను. బిడ్డ మాట వచ్చేసరికి అంకారావు వైపువాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆడపిల్ల, మూడేళ్లది. రేపు పొలంలో వాటా అడుగుతుందేమోనని వాళ్ల భయం. వెంకట్రామయ్య గారు గొంతు సవరించుకుని చెప్పారు, నేను రాశాను: సదరు ఆడబిడ్డ తల్లి వద్దనే పెరుగును, తండ్రికి సదరు బిడ్డతో ఎలాంటి సంబంధము గాని, హక్కు గాని, బాధ్యత గాని లేదు.

అందరూ సంతకాలు చేశారు. దేవిక వంతు వచ్చేసరికి కాగితం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"చదివేదేందమ్మా, పెద్దోళ్లు రాయిచ్చారుగా," అన్నారు ఎవరో.

ఆమె చివరిదాకా చదివి సంతకం చేసింది. "నాకూ ఒకటి కావాలి," అంది.

"నీకెందుకే?" అన్నారు వెంకట్రామయ్య గారు.

"రాసింది నా బతుకు గదా పెద్దయ్యా. నా కాడ ఉండొద్దా?"

ఇన్నేళ్లలో ఏ ఆడకూతురూ నన్ను ఆ కాగితానికి రెండో ప్రతి అడగలేదు. ఇంకో స్టాంపు కాగితం తెప్పించి మళ్లీ మొత్తం రాశాను. రాసినంతసేపూ చంటిదాన్ని చంకనేసుకుని నా పక్కనే నిలబడింది. అప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లు.

ఆ తర్వాత ఆమె ఎలా బతికిందో నాకు తెలియదు, ఆ రోజు తను చెబితేనే తెలిసింది. ఇంటర్లో బైపీసీ చదివి ఉంది కాబట్టి నర్సింగులో చేరింది. తన కన్నా ఐదారేళ్లు చిన్న పిల్లలు తరగతిలో ఆమెను అక్కా అని పిలిచేవాళ్లు. ఇంటి ఓనరు సుబ్బరత్నం పిల్లను చూసుకుంటే డ్యూటీలు చేసింది. ఆసుపత్రిలో నెత్తురు చూసి కళ్లు తిరిగి పడిన మొదటి వారం గురించి నవ్వుతూ చెప్పింది. జాలి పడమని ఒక్క ముక్కలోనూ అడగలేదు. నాకు జాలి కలగలేదు కూడా, సిగ్గు కలిగింది.

బల్ల మూసేసి ఆమెను ఆసియా దగ్గరకు తీసుకెళ్లాను. ఆసియా గురజాలలో వకీలు, నోటరీ కూడా. మా అమ్మాయి ఈడుది, మాట కరకు. కాగితం రెండు నిమిషాలు చూసింది.

"ఇది కోర్టు గుమ్మం కూడా ఎక్కదు మస్తాన్‌రావు గారూ," అంది. "ఊరి పెద్దలు విడాకులివ్వడమేంది? కన్నబిడ్డతో సంబంధం లేదని రాసుకుంటే పోతదా?"

"అయితే నేనింకా ఆయన పెళ్లాన్నేనా?" అని అడిగింది దేవిక.

"చట్టం లెక్కలో అంతే అక్కా."

అంకారావు మళ్లీ పెళ్లి చేసుకుని తొమ్మిదేళ్లయింది. రెండో భార్య పేరు సింధు, ఇద్దరు పిల్లలు. "సరే, ఆ సంగతి తర్వాత. నా బిడ్డ సంగతి చెప్పు," అంది దేవిక.

కోర్టులో కస్టడీ కేసు వేస్తే ఉత్తర్వు రావడానికి ఏడాది పడుతుందో రెండేళ్లు పడుతుందో చెప్పలేనంది ఆసియా. అప్పటిదాకా ఐర్లాండు ఉద్యోగం కాచుకుని కూర్చోదు. అంకారావు సంతకం ఒక్కటే దగ్గర దారి.

ఆ ఆదివారం ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. నన్ను రమ్మని ఆమె అడగలేదు, నేనే వస్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టేనని తెలుసు. అయినా ఆకులైనా పట్టుకోకపోతే ఎలా? వసారా అదే, వెంకట్రామయ్య గారి కుర్చీ కూడా అదే. అంకారావు మాత్రం మారాడు. ఇప్పుడు ఆయన ఆ ఊరి సర్పంచి.

"ఆడపిల్లని అంత దూరం ఎట్టా పంపుతాం?" అన్నాడు అంకారావు. "తండ్రిగా నాకూ ఒక బాధ్యత ఉండిద్ది గదా."

"పాపకి డెంగీ వచ్చి నాలుగు రోజులు సెలైన్ మీద ఉంది. కబురు చేశా. నీ బాధ్యత అప్పుడు ఏ పొలంలో ఉంది?" అంది దేవిక. పదేళ్ల కిందట ఆయన్ని మీరు అనేది. ఆ రోజు నువ్వు అని మాట్లాడింది.

వెంకట్రామయ్య గారు చెయ్యెత్తి ఆపారు. "చూడమ్మా, సంతకం కుదరదు. ఎందుకని అడగబాక. ఇంకో దారి ఉంది. అంకారావు చచ్చిపోయినట్టు సర్టిఫికెట్టు పుట్టిస్తాం. మొగుడు లేడని రాసుకుంటే ఏ దేశమోడూ నిన్ను సంతకం అడగడు."

నేను అంకారావు వైపు చూశాను. ఆయన తల ఊపాడు. "నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. సొంత చావుకి అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

దేవిక నవ్వింది. గట్టిగానే నవ్వింది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఒక దొంగ కాగితం నమ్మి పదేళ్లు పోయినయ్ పెద్దయ్యా. ఇంకోటి పట్టుకుని నా బిడ్డను దేశం దాటిస్తానా? దాని తండ్రి బతికే ఉన్నాడు, ఇదిగో, తెల్ల చొక్కా ఏసుకుని కూర్చున్నాడు. ఆయన చచ్చిపోయాడని నా కూతురు అబద్ధం చెప్పదు. సంతకం పెట్టడానికి భయపడి చావడానికి సిద్ధపడ్డాడంటే, ఆ సంతకంలో ఏదో ఉంది. అదేందో కనుక్కుంటా."

కనుక్కోవడానికి ఆమె ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేకపోయింది. అది నా దగ్గరే ఉంది. తిరుగు బస్సులో దాచేపల్లి దాటాక, సిమెంటు లారీల దుమ్ము తగ్గాక, నోరు విప్పాను.

రెండువేల ఇరవై ఒకటి ఎన్నికల్లో అంకారావు నామినేషన్ నింపింది నేనే. అప్పటికి ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదనే నిబంధన ఉంది. పిల్లలెందరని రాయాల్సిన చోట నా కలం ఆగింది. ఆ పెద్దపిల్ల ఉంది గదా అన్నాను. వెంకట్రామయ్య గారు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. "ఆ పిల్ల కాగితంలో తెగిపోయింది గదయ్యా. నువ్వేగా రాసింది, ఎలాంటి సంబంధము లేదు అని," అన్నారు. ఆయన దొంగతనంగా అన్న మాట కాదు అది, నిజంగానే నమ్మి అన్నారు. ఆ వసారాలో ఉన్న అందరూ నమ్మారు. స్టాంపు కాగితం మీద రాసి నలుగురు సంతకం చేస్తే కన్నబిడ్డ కూడా లేకుండా పోతుందనుకున్నారు. నేను ఇద్దరు అని రాశాను.

ఇప్పుడు అంకారావు తండ్రినని సంతకం చేస్తే, తనకు ముగ్గురు పిల్లలని తన చేత్తోనే ఒప్పుకున్నట్టు. ఆ కాగితం అవతలి పార్టీ చేతిలో పడితే సర్పంచి కుర్చీ ఊడుతుంది.

దేవిక కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది.

"నా బిడ్డ మీద మీరు రెండుసార్లు గీత కొట్టారన్నమాట బాబాయ్," అంది.

తిట్టినా బాగుండేది.

ఊళ్లో గాలికి కూడా చెవులుంటాయి. మూడు రోజుల్లో అవతలి పార్టీవాళ్లు కారేసుకుని ఆమె ఆసుపత్రికే వెళ్లారు. పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు నకలు ఇచ్చి, ఒక అర్జీ మీద సంతకం చేస్తే చాలన్నారు. అంకారావును కుర్చీ దింపుతాం, కోర్టులో నీ పని మేం చూసుకుంటాం అన్నారు. ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది.

"ఏమన్నావు?" అని అడిగాను.

"వార్డులో రోగులున్నారు, చెప్పులు బయట విడిచి రాలేదేందని అడిగా. ఒకడు నా బిడ్డ మీద గీత కొడితే ఇంకొకడు దాన్ని ఎత్తి కర్రలా ఊపుతానంటాడు. నా కూతురు ఎవడి ఎలక్షనుకీ పనిముట్టు కాదు బాబాయ్."

"వాళ్లు నిజంగా సాయం చేస్తారేమో దేవికా. గడువు ఆరు వారాలే ఉంది."

"తెలుసు. ఆయన కుర్చీ నాకెందుకు? నాకు కావాల్సింది సంతకం. ఆసియాతో రెండు కాగితాలు రాయిచ్చండి. ఎల్లుండి ఇంకోసారి పోదాం. ఈసారి పాప కూడా వస్తది."

ఆమె చెప్పినట్టే రెండు కాగితాలు తయారు చేశాం. ఒకటి తండ్రి సమ్మతి పత్రం, తెలుగులో నేను రాశాను, ఇంగ్లీషులో ఆసియా టైపు చేయించింది; రెండోది కోర్టు పిటిషను, అది ఆసియాయే రాసింది. సమ్మతి పత్రంలో పిల్ల పుట్టిన తేదీ దగ్గర ఖాళీ వదలమని ఆసియాకు చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. డబ్బిస్తానని దేవిక అంటే బల్ల అడుగున దాచుకున్న కోపమంతా ఆమె మీద చూపించి నోరు మూయించాను.

ఆ రోజు నలుగురం వెళ్లాం. ఆసియా సీలూ రిజిస్టరూ సంచిలో వేసుకుని వచ్చింది. తేజస్వి స్కూలు యూనిఫారంలోనే ఉంది, పరీక్ష రాసి నేరుగా బస్సెక్కింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు. వసారా మెట్లెక్కుతుంటే వెంకట్రామయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆ నుదురు, ఆ ముక్కు, ఆ నడక, ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. అంకారావు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

దేవిక రెండు కాగితాలూ బల్ల మీద పరిచింది.

"ఇది ఒప్పుకోలు కాగితం. ఇందులో సంతకం పెడితే నా ఫైల్లో పడి ఐర్లాండు పోయిద్ది. ఈ ఊళ్లో ఎవరికీ చూపియ్యను. ఎవరొచ్చి అడిగారో, ఏమని పంపిచ్చానో మీకు తెలిసే ఉండిద్ది. ఇది రెండోది, కోర్టు పిటిషను. నువ్వు పెట్టకపోతే రేపు పొద్దున గురజాల కోర్టులో వేస్తా. ఇందులో కూడా అదే రాసుంది, దీని తండ్రివి నువ్వని. కోర్టు కాగితానికి ఎవడైనా నకలు తీసుకోవచ్చు. నేను బెదిరిచ్చట్లేదు, ఉన్నది చెప్తన్నా. దాంట్లో అయినా దీంట్లో అయినా రాసేది నిజమే. ఎక్కడ రాయాలో నువ్వు తేల్చుకో."

"మాటకి కట్టుబడి ఉంటావని ఏంది నమ్మకం?" అన్నాడు అంకారావు.

"పదేళ్ల నుంచి నీ కాగితానికి కట్టుబడింది నేనొక్కదాన్నే. ఒక్క రూపాయి అడిగానా? ఒక్కసారి నీ గడప తొక్కానా?"

వెంకట్రామయ్య గారు గొంతు తగ్గించారు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. మూడో బిడ్డ అని కాగితం మీద పడితే వాడి గతి ఏమైద్దో ఆలోచించు."

"మూడోది కాదు పెద్దయ్యా." దేవిక కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "మొదటిది. ఈయన కన్న మొదటి బిడ్డ ఇది. మూడోవాళ్లు ఎవరో మీ లెక్క మీరు చూసుకోండి."

గడప అవతల నుంచి సింధు బయటికి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మొగుడి పక్కన నిలబడింది. చిన్న కొడుకు ఆమె వెనక నక్కి తేజస్విని చూస్తున్నాడు.

"మూడోది నా కొడుకు," అంది సింధు. "ఆ మాట పడతాను, నిజం గనక. పెళ్లికి ముందు నాకు చెప్పలా నువ్వు, ఒక ఆడపిల్ల ఉందని. ఊరంతా ఎరిగిన సంగతి కాగితానికి తెలిస్తే తప్పేంది? ఆ పిల్ల మొహం చూసి కూడా చచ్చిపోయానని రాయిస్తావా? రేపు నా పిల్లల్ని కూడా ఏదో ఒక కాగితంలో తెంపేస్తావు. పెట్టు సంతకం."

అంకారావు ఎవరి మాటకూ లొంగే రకం కాదు. కానీ ఆ పూట వసారాలో ఆయన వైపు మాట్లాడేవాళ్లు లేరు. వెంకట్రామయ్య గారు కండువా దులుపుకుని దూరంగా చూస్తున్నారు. ఆయన మౌనంగా ఉన్నారంటే లెక్క వేసుకున్నారని అర్థం. కోర్టు కన్నా ఐర్లాండే దూరం. అంకారావు కలం అందుకున్నాడు. మొదటి వాక్యం చదివి ఆగాడు.

"పుట్టిన తేదీ ఖాళీ ఉంది మావా," అన్నాడు నాతో.

"నువ్వే రాయాలి," అన్నాను.

కలం గాల్లో ఉంది. దేవిక వైపు చూశాడు, ఆమె పలకలేదు. నేనూ పలకలేదు. అంత కసి నాలో ఉందని నాకే తెలియదు.

"ఆగస్టు పద్దెనిమిది, రెండువేల పది," అంది తేజస్వి. "బుధవారం."

బడిలో హాజరు చెప్పినట్టు చెప్పింది. అంకారావు చెవులు ఎర్రబడ్డాయి. రాశాడు. కింద, తండ్రి అని ఉన్నచోట సంతకం చేశాడు. ఆసియా సీలు వేసింది. దేవిక కాగితం తీసుకుని, పదేళ్ల కిందటి లాగే మొదటి నుంచి చివరిదాకా చదివి, అప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు సింధుకు ఒక్క మాట చెప్పింది: "కోర్టులో సక్రమంగా విడాకులు రాయిచ్చుకుంటాం. ఆసియా పిలిచినప్పుడు ఈయన్ని తీసుకురా. అది నీకు కూడా మంచిది."

ఆగస్టు చివర్లో తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. దేవిక మాట తప్పలేదు. ఆ కాగితం సంగతి ఈ మధ్యదాకా ఎవరికీ పొక్కలేదు. నేనూ ఒక పని చేశాను. తెగతెంపుల కాగితాలు రాయడం మానేశాను. ఎవరైనా వస్తే ఆసియా ఆఫీసు చూపిస్తాను. ముసలాడికి చాదస్తం పట్టిందని బల్ల పక్కవాళ్లు అంటున్నారు, అననివ్వండి.

ఇంతలో విచిత్రం జరిగింది. మరుసటి ఏడాది చివర్లో ఇద్దరు పిల్లల నిబంధనే ప్రభుత్వం తీసేసింది. ఎంతమంది ఉన్నా పోటీ చేయవచ్చు. అప్పటి నుంచి అంకారావుకు ముగ్గురు పిల్లలయ్యారు. పెళ్లిళ్లలో, మార్కెట్ యార్డులో, పార్టీ ఆఫీసులో, "మా పెద్దమ్మాయి ఐర్లాండులో చదువుతుంది," అని చెప్పుకుంటున్నాడట. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటే ఇదే. విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

మొన్న ఏప్రిల్లో ఆయనే నా బల్ల దగ్గరకు వచ్చాడు. కారు దూరంగా ఆపి నడిచొచ్చాడు. కాసేపు ఎండల గురించి, మిరప ధర గురించి మాట్లాడి, అప్పుడు అడిగాడు.

"పాప ఫోన్ నంబరు ఉందా మావా?"

ఉంది. పండగలకు ఆ పిల్ల నాకు ఫోన్ చేస్తుంది. అడగకుండా ఇవ్వనని చెప్పి, అక్కడే దేవికకు ఫోన్ కలిపాను. సంగతి చెప్పాను. ఆమె డ్యూటీకి బయలుదేరుతోంది. "నన్ను కాదు, దాన్నే అడగండి బాబాయ్. దానికి పదిహేనేళ్లు వస్తన్నయ్. నంబరు దానిది," అని కూతురికి ఇచ్చింది.

తేజస్వి మొత్తం విన్నది.

"నన్ను దేశం దాటించడానికి ఆయన ఒప్పుకోలు కావాల్సొచ్చింది గదా తాతయ్యా," అంది. "ఇప్పుడు ఆయన నాతో మాట్లాడాలంటే నా ఒప్పుకోలు కావాలి. కాగితం రాసి పంపమనండి. నేను చదివి, సంతకం పెట్టాలో లేదో చూసుకుంటా."

ఫోన్ స్పీకరులో ఉంది. నేను కావాలని పెట్టలేదు, కానీ తీయలేదు కూడా. అంకారావు విన్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. జేబు తడుముకుని, "రాయి మావా. ఎంతైనా ఇస్తా," అన్నాడు.

ముప్పయ్యెనిమిదేళ్లలో బల్ల దగ్గరకు వచ్చినవాణ్ణే రాసుకోమనడం అదే మొదలు. "ఇది నేను రాసేది కాదు," అన్నాను. తెల్ల కాగితమూ, కలమూ ఆయన వైపు జరిపాను.

ఎదురు బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పైన తేజస్వి అని రాశాడు. దాని కింద పుట్టిన తేదీ రాశాడు, ఎవరినీ అడగకుండా. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాయలేదు. నేను ఇద్దరికి అద్దె కాగితాలు రాసి పంపేదాకా అలాగే ఉన్నాడు.

"తర్వాత ఏమని రాయాలి మావా?" అన్నాడు.

"నన్నడగబాక," అన్నాను. "నేను రాసింది చాలు."